వింత లిఫ్టులు: ఏది ఎవరికి, ఏది ఎవరికీ వద్దు

బరువు మోస్తూ కూర్చుని లేచే స్క్వాట్, బల్ల మీద పడుకుని బరువుని పైకి తోసే బెంచ్, నేల మీంచి బరువు లేపే డెడ్‌లిఫ్ట్, నిలబడి తల పైకి తోసే ఓవర్‌హెడ్ ప్రెస్. ఏడాదో రెండేళ్ళో ఈ నాలుగింటి చుట్టూ గానుగెద్దులా తిరిగాక ఎవరికైనా విసుగు పుడుతుంది. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఒక రీల్ కనబడుతుంది. ఒకడు బార్‌ని (రెండు చివరలా బరువులు తగిలించే పొడవాటి ఇనప కడ్డీ) మోచేతి మడతల్లో పెట్టుకుని కూర్చుని లేస్తుంటాడు. ఇంకొకడు బార్‌కి అటో కాలు ఇటో కాలు వేసి పైకి లేపుతుంటాడు. మర్నాడు సాయంత్రం జిమ్‌లో మనమూ అదే పని. వారం తిరిగేసరికి మరో రీల్, మరో లిఫ్ట్. మూడు నెలలయ్యాక చూసుకుంటే పాత లిఫ్టుల్లో బరువు పెరిగిందీ లేదు, కొత్తవాటిలో ఏదీ చేతికి పట్టుబడిందీ లేదు.

"కండరాలకి షాక్ ఇవ్వాలి, వారానికో రకం మార్చాలి" అని ప్రతి జిమ్‌లోనూ ఒకరు చెప్తూనే ఉంటారు. నేనైతే ఆ మాట నమ్మను. కొత్త కదలిక చేసిన మర్నాడు ఒళ్ళు నొప్పులు గట్టిగా వస్తాయి, నిజమే. అలవాటు లేని పని చేస్తే ఎవరికైనా వస్తాయి, అంతమాత్రాన బలం పెరిగినట్టు కాదు. వింత లిఫ్ట్ వల్ల లాభం వేరే చోట ఉంది. మీరు రోజూ చేసే లిఫ్ట్ ఒంట్లో ఏదో ఒక భాగాన్ని వదిలేస్తూ ఉంటుంది, లేదంటే ఏదో ఒక కీలుని అదేపనిగా సతాయిస్తూ ఉంటుంది. ఆ లోటు ఎక్కడుందో చూసుకుని, దానికి సరిపడే ఒక్కటంటే ఒక్కటి ఎంచుకుని, కనీసం ఆరు వారాలు దాన్నే పట్టుకోవాలి. కింద పోల్చినవన్నీ ఆ లెక్కలోనే పోల్చాను.

ఇవేవీ నిన్నమొన్న పుట్టినవి కూడా కావు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టర్లు ఐదు లిఫ్టులు చేయాల్సి వచ్చేది. వాటిలో రెండు ఒంటిచేతివి: ఒంటిచేత్తో స్నాచ్ (నేల మీంచి ఒకే ఊపులో తల పైకి), ఒంటిచేత్తో క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి). 1928 నుంచి ఒంటిచేతివి తీసేశారు. భుజాల దగ్గర్నుంచి చేతుల బలంతో తల పైకి తోసే ప్రెస్ మాత్రం 1972 మ్యూనిక్ దాకా నిలిచింది. అప్పటికే లిఫ్టర్లు నడుం వెనక్కి బాగా వంచేసి, ఛాతీ బలంతో తోసేస్తుంటే ఏది సరైన ప్రెస్సో తేల్చలేక జడ్జీలు తలలు పట్టుకున్నారు, చివరికి దాన్నీ ఎత్తేశారు. మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో కంచు పతకం తెచ్చేనాటికి మిగిలినవి రెండే. ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు లేపింది. పోటీలోంచి పోయిన పాత లిఫ్టులకు అమెరికా, బ్రిటన్‌లలో ఆల్‌రౌండ్ వెయిట్‌లిఫ్టింగ్ పేరుతో ఇప్పటికీ పోటీలు పెడుతున్నారు, రికార్డులు రాస్తున్నారు.

స్క్వాట్ కుదరనివాళ్ళకి

మొత్తం జాబితాలో ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు జర్చర్ స్క్వాట్‌కే.

సెయింట్ లూయిస్‌కి చెందిన ఎడ్ జర్చర్ అనే 1930ల నాటి బలశాలి పేరుతో ఇది నిలిచింది. పాత పద్ధతిలో బార్‌ని నేల మీంచే మోచేతుల్లోకి తీసుకుని లేచేవాళ్ళు. మనకి అంత కష్టం అక్కర్లేదు. ర్యాక్‌లో (బార్‌ని ఆనించి పెట్టే స్టాండ్) బార్‌ని బొడ్డుకి కొంచెం పై ఎత్తులో పెట్టండి. రెండు చేతులూ బార్ కిందికి పోనిచ్చి, మోచేతి మడతల్లో దాన్ని కూర్చోబెట్టండి. పిడికిళ్ళు గడ్డం దగ్గరికి రావాలి, మోచేతులు పక్కటెముకలకి ఆనుకోవాలి. గట్టిగా ఊపిరి తీసుకుని, పొట్ట బిగించి, రెండడుగులు వెనక్కి. ఇక కూర్చోవడమే. కిందికి వెళ్ళేసరికి మోచేతులు మోకాళ్ళ మధ్యకి వస్తాయి లేదా తొడల్ని తాకుతాయి. ఎంతలోతు వెళ్ళాలో అదే చెప్పేస్తుంది, అద్దంలో చూసుకోనక్కర్లేదు.

మొదటి రోజు కాళ్ళకంటే ముందు మోచేతులే మొరపెట్టుకుంటాయి. మడతలో చర్మం ఎర్రగా కందిపోతుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు. పల్చటి తువ్వాలు రెండు మడతలు పెట్టి బార్‌కి చుట్టండి, లేకపోతే ఫుల్ హ్యాండ్స్ టీషర్ట్ వేసుకోండి. హిప్ థ్రస్ట్‌లకి వాడే లావుపాటి ఫోమ్ ప్యాడ్ మాత్రం వద్దు. దానివల్ల బార్ ఒంటికి దూరంగా జరిగి ముందుకు దొర్లుతుంది, మీరు దాని వెంట వంగుతారు. రెండు మూడు వారాల్లో చర్మం అలవాటు పడిపోతుంది.

బరువు ముందువైపు, కాస్త కిందగా ఉంటుంది కాబట్టి వీపు పైభాగం గుండ్రంగా వంగిపోవాలని చూస్తుంది. దాన్ని నిటారుగా ఆపడమే ఇందులో సగం పని. కాళ్ళ కసరత్తు అనుకుని మొదలుపెట్టినవాళ్ళకి మర్నాడు భుజాల మధ్య, పొట్టలో నొప్పులు తేలతాయి.

బార్‌ని వీపు మీద పెట్టుకుని చేసే బ్యాక్ స్క్వాట్‌తో పోల్చితే దీంట్లో బరువు బాగా తగ్గుతుంది. ఖాళీ బార్‌తో రెండు మూడు రోజులు చేసి, తర్వాత మీ బ్యాక్ స్క్వాట్ బరువులో సగం దాకా మెల్లగా పెంచుకోండి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని భుజాలు ముందుకి బిగుసుకుపోయి, బార్‌ని వీపు మీద పట్టుకోవడమే నరకంగా ఉన్న సాఫ్ట్‌వేర్ జనానికి ఇది వరం. బార్‌ని భుజాల ముందు పెట్టుకుని చేసే ఫ్రంట్ స్క్వాట్‌లో మణికట్టు విరిగిపోతున్నట్టు ఉంటుందనేవాళ్ళకీ అంతే. మణికట్టు, భుజం రెండింటికీ ఇందులో పనే లేదు. అయితే మీరు క్లీన్, స్నాచ్ నేర్చుకుంటున్నట్టయితే ఫ్రంట్ స్క్వాటే చేయండి. క్లీన్‌లో బార్‌ని అందుకునే భంగిమ అదే, మణికట్టు బాధ కొన్నాళ్ళు పడాల్సిందే. మోచేతి దగ్గరో బైసెప్ కింది భాగంలోనో పాత దెబ్బ ఉన్నవాళ్ళు జర్చర్ జోలికి పోవద్దు. స్క్వాట్ అంటేనే కొత్త అయితే డంబెల్‌ని ఛాతీకి ఆనించి పట్టుకునే గోబ్లెట్ స్క్వాట్ చాలు.

స్టైన్‌బోర్న్ స్క్వాట్ వీడియోలు మీకు కనబడే ఉంటాయి. బార్‌ని నిట్టనిలువుగా నిలబెట్టి, పక్కన కూర్చుని, దాన్ని వీపు మీదికి ఒరిగించుకుని లేవడం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ నుంచి అమెరికా వెళ్ళిన మైలో స్టైన్‌బోర్న్ దీనితో పేరు తెచ్చుకున్నాడు. ర్యాకులు లేని రోజుల్లో అది అవసరం. పక్కనే ర్యాక్ పెట్టుకుని మెడ పక్కకి బరువు ఒరిగించుకోవడం దేనికి? చూడ్డానికి బాగుంటుంది, అంతే.

డెడ్‌లిఫ్ట్‌తో నడుం అలిసిపోతుంటే

ఇక్కడ పోటీ జెఫర్సన్ డెడ్‌లిఫ్ట్‌కీ, స్నాచ్ గ్రిప్ డెడ్‌లిఫ్ట్‌కీ మధ్య. రెండూ రెండు వేర్వేరు జబ్బులకి మందులు.

జెఫర్సన్‌లో బార్ మీ కాళ్ళ మధ్య ఉంటుంది. ఒక పాదం బార్‌కి ముందు, ఒకటి వెనక. ఒక చెయ్యి ఒంటికి ముందు నుంచి, ఇంకోటి వెనక నుంచి బార్‌ని పట్టుకుంటాయి. బరువు ఒంటికి నడిమధ్యలో వేలాడుతుంది కాబట్టి మామూలు డెడ్‌లిఫ్ట్‌లోలా ముందుకి వంగి లాగనక్కర్లేదు. నడుం మీద భారం తగ్గి తొడలు, పిరుదుల మీదికి వెళ్తుంది. పైగా పాదాలు సమానంగా లేవు కనక ఒళ్ళు ఒక పక్కకి తిరిగిపోవాలని చూస్తుంది, అలా తిరక్కుండా ఆపడానికి నడుం చుట్టూ ఉన్న కండరాలు పని చేయాలి. మామూలు లిఫ్టుల్లో ఎక్కడా లేని పని ఇది. ప్రతి సెట్‌కీ పాదాలు, చేతులు మార్చాలి. మార్చకపోతే ఒక పక్కే బలపడుతుంది.

రెండు జాగ్రత్తలు. బార్ తిన్నగా పైకి రావాలి. ఊపుతో లేపితే ఎక్కడ తగులుతుందో చెప్పనక్కర్లేదు. రెండోది, పొట్టి కాళ్ళవాళ్ళు పూర్తిగా నిలబడకముందే బార్ పైన తగిలేస్తుంది. వాళ్ళకి ఈ లిఫ్ట్ కుదరదు, బలవంతం చేయొద్దు. జెఫర్సన్ కర్ల్ అని ఇంకోటి ఉంది, వెన్ను పూస పూసా కావాలని వంచుతూ చేసేది. పేరు కలిసింది కదా అని దాన్నీ దీన్నీ ఒకటిగా చూడకండి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు వీడియో చూసి ఆ రెండోది మొదలుపెట్టడం మంచిది కాదు.

స్నాచ్ గ్రిప్ దీనికి తిరగేసిన లెక్క. చేతులు బార్ చివరల దాకా వెడల్పుగా పట్టుకోవడం వల్ల ఇంకా కిందికి దిగి లాగాలి. నడుం భారం తగ్గదు, పెరుగుతుంది. లాభమంతా వీపు పైభాగానికి, మెడ పక్కన ట్రాప్స్‌కి, రెక్కలకి. మామూలు డెడ్‌లిఫ్ట్ బార్ నేల విడిచేటప్పుడే ఇరుక్కుపోయేవాళ్ళకి ఇది మంచి మందు, ఎందుకంటే ఆ కింది భాగంలోనే ఇది ఎక్కువసేపు కష్టపెడుతుంది. మీ డెడ్‌లిఫ్ట్ బరువులో సగం నుంచి మొదలుపెట్టండి. వీపు కంటే ముందు పట్టు జారిపోతే చేతిని బార్‌కి కట్టే స్ట్రాప్స్ వాడటానికి సిగ్గుపడొద్దు, అక్కడ పరీక్ష పట్టుకి కాదు.

బార్‌ని పిక్కల వెనక పెట్టుకుని లాగే హ్యాక్ లిఫ్ట్ కూడా ఉంది. పాతకాలపు మల్లయోధుడు జార్జ్ హాకెన్‌స్మిట్ కాలం నాటిది. తొడలకి బాగానే పని చెప్తుంది, కానీ బార్ పిక్కలకీ తొడల వెనకా రాసుకుంటూ వస్తుంది. అదే పని ఇంకాస్త సుఖంగా చేసే దారులు ఉన్నాయి కాబట్టి దాన్ని వదిలేస్తాను.

ఒక పక్క బలం, ఒక పక్క బలహీనం

బెంచ్‌లో బార్ ఎప్పుడూ ఎడమవైపే ఆలస్యంగా లేస్తుంటే, ఓవర్‌హెడ్‌లో ఒక భుజం వణుకుతుంటే, ఒంటిచేతి లిఫ్టుల వైపు చూడాలి. టర్కిష్ గెటప్, సూట్‌కేస్ క్యారీ: ఈ రెంటిలో చాలామందికి రెండోదే సరిపోతుంది. గెటప్‌కి ఉన్నంత పేరు దానికి లేదు, అంతే తేడా.

గెటప్ అంటే నేల మీద వెల్లకిలా పడుకుని, ఒక చేత్తో బరువుని పైకి పట్టుకుని, ఆ చెయ్యి దించకుండానే లేచి నిలబడి, మళ్ళీ అదే దారిలో పడుకోవడం. ముందు మోచేతి మీదికి, తర్వాత అరచేతి మీదికి లేవాలి. నడుం పైకెత్తి, కాలు కిందనుంచి వెనక్కి పోనిచ్చి, ఒంటి మోకాలి మీదికి వచ్చి, అప్పుడు నిలబడాలి. ఒక్క రెప్‌కే, అంటే ఒకసారి పూర్తిగా చేయడానికే, అర నిమిషం పైన పడుతుంది. దీన్ని బరువుతో నేర్చుకోకండి. పిడికిలి మీద బూటు పెట్టుకుని చేయండి. బూటు పడిపోయిందంటే ముంజేయి నిటారుగా లేదన్నమాట, ఏ మెట్టు దగ్గర పడిందో ఆ మెట్టే మీ లోపం. బూటు పడకుండా రెండు పక్కలా చేయగలిగాకే 8 కిలోల కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనప గుండు). భుజాలు కదలకుండా బిగుసుకుపోయినవాళ్ళకి, నేల మీద కూర్చుని లేవడం కష్టమవుతున్న నలభై దాటినవాళ్ళకి ఇంతకంటే మంచిది నాకు తెలియదు. కానీ బలం పెంచే లిఫ్ట్‌గా దీన్ని చూడొద్దు. మోసే బరువు చిన్నది, ఓపిక పెద్దది.

సూట్‌కేస్ క్యారీకి నేర్చుకోవాల్సిందేమీ లేదు. ఒక చేతిలో బరువైన డంబెల్, రెండోది ఖాళీ, నడవండి. ఒంగకూడదు. బరువున్న వైపుకి వాలకూడదు, దాన్ని సర్దుకోబోయి అవతలి వైపుకీ వాలకూడదు. ఇరవై ముప్ఫై అడుగులు వేసేసరికి ఖాళీ చెయ్యి వైపు నడుం పక్కన కండరం మండుతుంది. అదే మనకి కావాల్సింది. రెండు చేతుల్లోనూ బరువు పట్టుకునే ఫార్మర్స్ వాక్‌లో మోసే మొత్తం ఎక్కువ, ఊపిరీ పట్టూ బాగా పరీక్షకి వస్తాయి, కానీ రెండు పక్కలా తూకం కుదిరిపోవడం వల్ల ఈ పక్క కండరాలకి అంత పని పడదు. బరువులు అయిపోయాక నెత్తి మీద కుళాయి తిప్పినట్టు చెమట కారాలంటే ఫార్మర్స్, ఎడమా కుడీ తేడా పోవాలంటే సూట్‌కేస్. ఇంట్లో అయితే 20 లీటర్ల పెయింట్ బకెట్‌లో పొడి ఇసుక నింపండి, 30 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. తీగ పిడి అరచేతిని కోసేస్తుంది, గుడ్డ చుట్టండి.

ఒక చేత్తో బరువుని తల పైన నిలిపి పక్కకి వంగే విండ్‌మిల్ గురించి ఒక్క మాట: తొడ వెనక కండరాలు సాగేవాళ్ళకి బాగుంటుంది, మిగిలినవాళ్ళు నడుం వంచి మోసం చేసేస్తారు. పాతకాలపు బలశాలి ఆర్థర్ శాక్సన్ 370 పౌండ్ల దాకా ఎత్తి పేరు పొందిన, ఒళ్ళు పక్కకి వంచుతూ ఒంటిచేత్తో బరువుని తల పైకి చేర్చే బెంట్ ప్రెస్ అయితే నేర్పే మనిషి పక్కన లేకుండా అసలు వద్దు.

సోమవారం బెంచ్ దొరకనప్పుడు

సోమవారం సాయంత్రం ఏ జిమ్‌లోనైనా బెంచ్ దగ్గర క్యూ ఉంటుంది. ఆ క్యూలో నిలబడే బదులు ఫ్లోర్ ప్రెస్ చేయొచ్చు. నేల మీద పడుకుని డంబెల్స్ నొక్కడమే. మోచేయి నేలకి తగలగానే ఆగాలి, కాబట్టి భుజం మరీ వెనక్కి సాగదు. బెంచ్‌లో కిందికి దించినప్పుడు భుజం ముందుభాగం పొడిచేవాళ్ళకి ఇది హాయిగా ఉంటుంది. ఛాతీకి కొంచెం తక్కువ, చెయ్యి వెనక భాగంలోని ట్రైసెప్స్‌కి ఎక్కువ. కాళ్ళు చాపుకుంటే కాళ్ళ సాయం కూడా పోతుంది, బరువు తగ్గించుకోక తప్పదు.

భుజం బాధ బరువుని తల పైకి ఎత్తినప్పుడు వస్తుంటే దారి వేరే. బార్ ఒక చివర గది మూలలో, గోడ పాడవకుండా పాత తువ్వాలు పెట్టి ఆనించి, రెండో చివరని ఒక చేత్తో పైకి తోయండి. దాన్నే లాండ్‌మైన్ ప్రెస్ అంటారు. బార్ ఏటవాలుగా పోతుంది కనక చెయ్యి నిట్టనిలువుగా తలపైకి వెళ్ళనక్కర్లేదు. రెంటిలో దేన్ని ఎంచుకోవాలో మీ భుజమే చెప్తుంది, నేను చెప్పేదేమీ లేదు.

రొటీన్‌లో ఎక్కడ పెట్టాలి

ఉన్నవాటి మీద అదనంగా కాదు, ఉన్నదాంట్లో ఒకటి తీసేసి పెట్టాలి. వారానికి రెండుసార్లు స్క్వాట్ చేస్తుంటే రెండో రోజు జర్చర్. డెడ్‌లిఫ్ట్ తర్వాత, మోకాళ్ళు పెద్దగా వంచకుండా చేసే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ స్థానంలో జెఫర్సన్. మూడు సెట్లు, సెట్‌కి ఐదు నుంచి ఎనిమిది రెప్స్. ఒక్క రెప్‌కి ఎంత ఎత్తగలమో చూసుకునే సరదా వీటిలో వద్దు. ఆరు వారాల తర్వాత మీ పాత లిఫ్ట్ కదిలిందా, బాధపెట్టే కీలు నెమ్మదించిందా చూసుకోండి. లేకపోతే ఎంపిక తప్పిందని అర్థం, మార్చేయండి. జిమ్‌లో చేరి ఇంకా ఆరు నెలలు కానివాళ్ళకి వీటిలో సూట్‌కేస్ క్యారీ తప్ప ఏదీ అక్కర్లేదు. మామూలు స్క్వాటే వాళ్ళకి వింత లిఫ్ట్. బీపీ, హెర్నియా, డిస్క్ సమస్య ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి చేసే ఏ లిఫ్ట్ అయినా డాక్టర్ని అడిగాకే.

గుండు, సంచి, గద

బార్‌బెల్ అక్కర్లేని వింతలు మన ఊళ్ళలోనే ఉన్నాయి. రాయలసీమలో పండగలకి గుండు ఎత్తే పోటీలు పెడతారు. ఉత్తరాంధ్రలో సంక్రాంతికి సంగిడి రాళ్ళు ఎత్తుతారు. గొలుసులు తెంచి, ఛాతీ మీదికి ఏనుగుని ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం ఆ వైపుదే. గుండు ఎత్తడంలో పట్టుకోవడానికి పిడి ఉండదు. రెండు చేతులతో కౌగిలించుకుని, ముందు తొడల మీదికి లాక్కుని, అక్కణ్ణుంచి ఛాతీ మీదికి తేవాలి. వీపు వంగక తప్పదు. చిన్నప్పటి నుంచి ఎత్తుతూ వచ్చినవాళ్ళకి ఆ వంపు అలవాటు. మనం నేరుగా గుండు దగ్గరికి పోకుండా ఇసుక సంచితో మొదలుపెడితే మేలు. అదే కౌగిలింత, అదే లాగుడు, పైగా చేయి జారితే కాలి వేళ్ళు మిగులుతాయి.

ఖాళీ అయిన 25 కిలోల బియ్యం సంచి చాలు. దాన్ని నిండా ఇసుకతో నింపొద్దు, ఇసుక బియ్యం కంటే బరువు కాబట్టి 40 కిలోలు దాటిపోతుంది. సగం నింపి, మూతి కట్టి, ఇంకో సంచిలో వేసి మళ్ళీ కట్టండి. సగం ఖాళీగా ఉంటే లోపల ఇసుక జరుగుతూ ఉంటుంది, ప్రతి రెప్‌కీ పట్టు కొత్తగా వెతుక్కోవాలి. జిమ్‌కి వెళ్ళే వీలు లేనివాళ్ళకి ఒక్క వస్తువే కొనుక్కోవాలంటే, కొనకుండానే అయిపోయేది ఇది.

గద మాత్రం దీనికి బదులు కాదు. అది ఎత్తే వస్తువు కాదు, తిప్పే వస్తువు. భుజం మీంచి వీపు వెనక్కి వదిలి, అది ఊగివచ్చే సమయానికి ముందుకి లాగాలి. బలం కంటే సమయం తెలియాలి. బెంచ్ చేసి చేసి భుజాలు ముందుకి లాక్కుపోయినవాళ్ళకి 4, 5 కిలోల గద వార్మప్‌లో బాగా పనికొస్తుంది. బరువంతా పిడికి దూరంగా, చివరనే ఉంటుంది కాబట్టి అంకె చూసి తేలిక అనుకోకండి. అపార్ట్‌మెంట్‌లో అయితే హాల్లో కాదు, టెర్రస్ మీదికి వెళ్ళి తిప్పండి. సీలింగ్ ఫ్యాన్ రెక్కకి గద తగిలితే ఓనర్‌కి ఏం చెప్పాలో నేను సలహా ఇవ్వలేను.